లైబ్రరీ పుస్తకాల ఆర్ఎఫ్ఐడీ ట్యాగుల్లో నంబరు మార్చే సాఫ్ట్‌వేర్ ఏదైనా ఉందా?

పుస్తకాల_పద్మ
మాది డిగ్రీ కాలేజీ. డిగ్రీ లైబ్రరీ, పీజీ లైబ్రరీ ఇన్నాళ్లూ విడివిడిగా ఉండేవి. ఈ వేసవిలో రెండింటినీ ఒకే హాల్లోకి తెచ్చారు. పుస్తకాలు మోయడం అయిపోయింది, అసలు తలనొప్పి ఇప్పుడు మొదలైంది. రెండుచోట్లా అక్సెషన్ నంబర్లు (కొన్న వరసలో రిజిస్టరులో పుస్తకానికి వేసే నంబర్లు) 1 నుంచే ఉన్నాయి. 1452 అంటే డిగ్రీలో వృక్షశాస్త్రం, పీజీలో ఆర్థికశాస్త్రం. రెండింటికీ లోపల ఆర్ఎఫ్ఐడీ (రేడియో తరంగాలతో చదివే చిప్పు) స్టిక్కర్లున్నాయి, వాటిలోనూ అదే నంబరు. లైబ్రరీ సాఫ్ట్‌వేర్ కూడా డిగ్రీది ఒక కోహా, పీజీది ఇంకో కోహా. ఇప్పుడు రెండూ కలపాలి.

ట్యాగులు పెట్టినవాళ్ల సాఫ్ట్‌వేర్ లైసెన్సు మార్చిలో అయిపోయింది. ఫోన్ చేస్తే పాత బకాయితో సహా ఏఎంసీ (ఏడాది నిర్వహణ రుసుము) కడితేనే అంటున్నారు. ప్రిన్సిపాల్ గారేమో "ఫోన్లోనే రాసేయొచ్చటగా అమ్మా" అంటున్నారు. ఎవరో చెబితే ఏసీఆర్122యూ రీడరు కొన్నాను, నా సొంత డబ్బుతో. మా అబ్బాయి హాస్టల్ కార్డు పెడితే బీప్‌మంటుంది. పుస్తకం పెడితే ఉలకదు, పలకదు. మొత్తం పదమూడు వేల పైచిలుకు పుస్తకాలు. ట్యాగులో డేటా మార్చే సాఫ్ట్‌వేర్, ఉచితంగానో తక్కువ ఖరీదుకో, ఏదైనా ఉంటే చెప్పండి.

గోదారోడు
ఇంతదానికి రీడరెందుకండీ. ఫోన్లో ఎన్ఎఫ్‌సీ టూల్స్ వేసుకోండి. రైట్ నొక్కి, టెక్స్ట్ కొట్టి, పుస్తకానికి ఆనించండి. రెండు నిమిషాల పని.

తాళంచెవి
ఇదే చర్చలో నాదీ ఒక ప్రశ్న. అపార్ట్‌మెంట్ గేటు కార్డు పోయింది. అసోసియేషన్ వాళ్లు కొత్తదానికి 500 అడుగుతున్నారు. మా ఆవిడ కార్డు చూసి ఇంకోటి చేసుకోవచ్చా?

సోల్డర్_సూరి
గోదారోడు గారూ, కాస్త ఆగండి. పద్మ గారూ, ఆ పని ఇంకా చేయకండి.

మీ రీడరు చెడిపోలేదు. ఏసీఆర్122యూకి ఐఎస్ఓ 14443 లాంటి కార్డుల భాషలే వచ్చు, హాస్టల్ కార్డు మాట్లాడేది అదే. లైబ్రరీ పుస్తకాల ట్యాగులు సాధారణంగా ఐఎస్ఓ 15693. రెండూ 13.56 మెగాహెర్ట్జే. బస్టాండు ఒకటే గానీ ఎక్కాల్సిన బస్సు వేరు. పీఎన్532 రీడరు బోర్డు కొన్నా ఇదే కథ.

ఎన్ఎఫ్‌సీ ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్లు మాత్రం చాలావరకు 15693 చదువుతాయి. చిప్పులు చేసే ఎన్ఎక్స్‌పీ వాళ్ల ట్యాగ్‌ఇన్ఫో యాప్ వేసుకుని, చదవడం మాత్రమే చేయండి. ఫుల్ స్కాన్ పెట్టి, మెమరీ మొదటి తొమ్మిది వరుసలు ఇక్కడ పెట్టండి. డిగ్రీ పుస్తకాలు రెండు, పీజీవి రెండు. లోపల ఏముందో చూడకుండా సాఫ్ట్‌వేర్ పేరు చెప్పడం, నాడి చూడకుండా మందు రాయడమే.

గోదాము_గణేష్
మా బట్టల గోదాములో రోజుకి వేల ట్యాగులు రాస్తాం. రీడరు కంపెనీ ఇచ్చే సాఫ్ట్‌వేర్లో ఈపీసీ (ట్యాగులో రాసే వస్తువు నంబరు) మార్చేయడమే. 96 బిట్లు. గుట్ట మొత్తం ఒకేసారి చదివేస్తుంది.

సోల్డర్_సూరి
గణేష్, మీది యూహెచ్ఎఫ్, వేరే రేడియో తరంగం. మన దేశంలో 865 నుంచి 868 మెగాహెర్ట్జ్. అందులో ఈపీసీ, టీఐడీ, యూజర్, రిజర్వ్‌డ్ అని నాలుగు గదులుంటాయి. పద్మ గారి ట్యాగులో ఈపీసీ అనేదే లేదు.

గోదాము_గణేష్
సరే సరే, నా దగ్గర సుత్తి ఉంది కాబట్టి మేకు కనిపించింది.

కడప_కారం
అట్లయితే ఫాస్టాగ్ గూడా యూహెచ్ఎఫ్ఏ గదా. దాంట్లో బ్యాలెన్సు ఎడిట్ చేసే సాఫ్ట్‌వేర్ ఉంటే సెప్పండప్పా, కర్నూలు రోడ్డు టోల్‌గేట్లకే జీతం పోతాండాది.

సోల్డర్_సూరి
బ్యాలెన్సు ట్యాగులో ఉండదు కారం గారూ, బ్యాంకు దగ్గర ఉంటుంది. అద్దం మీద ఉన్నది మీ పేరు పలికే చిలక. చిలకని ఎంత దువ్వినా ఖాతాలో డబ్బు పెరగదు.

ఓరుగల్లు_వైరు
నేను వేరేది చెప్తున్న. అసలు ట్యాగు ఎందుకు ముట్టుకోవాలె? ట్యాగుల ఉన్నది ఒట్టి గుర్తు. పుస్తకం పేరు, ఎవరు తీస్కపోయిన్రు, అన్నీ కోహాల ఉన్నయి. కోహాల బార్‌కోడ్‌కి 952 అనే ఫీల్డ్‌ల పీ సబ్‌ఫీల్డ్, ఇన్వెంటరీ నంబర్‌కి ఐ సబ్‌ఫీల్డ్ వేరే ఉంది. కొత్త అక్సెషన్ నంబర్ ఐల ఎక్కియ్యుండ్రి, పీల పాతదే ఉండనియ్యుండ్రి. ట్యాగుకు చెయ్యి పెట్టే పనే లేదు. పదమూడు వేల పుస్తకాలు ఒక్కొక్కటి తీసి రాసుడు అంటే ఎన్ని నెలలు?

పుస్తకాల_పద్మ
కానీ వైరు గారూ, బార్‌కోడే రెండుచోట్లా 1452 కదా. రెండు కోహాలు కలిపితే ఒకే బార్‌కోడ్ రెండుసార్లు తీసుకోదు. మొదట అదే ప్రయత్నించాను, ఇంపోర్టులో ఎర్రర్లు వరదలా వచ్చాయి.

ఓరుగల్లు_వైరు
అవునా. ఆ ముచ్చట ముందుగాల చెప్పాలె కద మేడమ్.

పుస్తకాల_పద్మ
మొదటి పోస్టులో చెప్పాను 🙂

ఓరుగల్లు_వైరు
చదివిన. మళ్ల చదివిన. నాదే తప్పు. అయితే ట్యాగు యూఐడీని (చిప్పుల ఫ్యాక్టరీలనే వేసిన నంబర్) బార్‌కోడ్ చేస్తే? అది 64 బిట్లు, ప్రపంచంల ఎక్కడా రెండోది ఉండదు.

సింగపూర్_చీర
యూఐడీ వద్దండి. ఇక్కడ మా లైబ్రరీలో పని చేస్తూ చూశాను కాబట్టి చెబుతున్నా. సెల్ఫ్ చెకౌట్ మిషను పంపేది ట్యాగులో రాసిన ఐటెం నంబరు, యూఐడీ కాదు. పైగా స్టిక్కరు చిరిగి కొత్తది అంటిస్తే యూఐడీ మారిపోతుంది, మళ్లీ కోహాలో దిద్దుకోవాలి. నంబరైతే కొత్త స్టిక్కరులో పాతదే రాసుకోవచ్చు.

రిటైర్డ్_రంగయ్య
ముప్పై నాలుగేళ్లు లైబ్రేరియన్‌గా చేశాను. మీ చిప్పుల సంగతి నాకు తెలియదు గానీ ఒక మాట. అక్సెషన్ రిజిస్టరులో నంబరు ఆడిటర్ దగ్గర పుస్తకానికి జాతకం లాంటిది. చెరిపి కొత్తది రాస్తే రేపు స్టాకు వెరిఫికేషన్‌లో మీ మెడకే చుట్టుకుంటుంది. పాత నంబరు అలాగే ఉంచి, ముందు ఒక అక్షరం చేర్చండి. పీజీవి అయితే పీ. రిజిస్టరులో మొదటి పేజీలో ఫలానా తేదీ నుంచి ఇలా చదువుకోవాలని రాసి, ప్రిన్సిపాల్ చేత సంతకం పెట్టించండి. మా రోజుల్లో రెండు శాఖలు కలిపినప్పుడు ఇలాగే చేశాం. అప్పుడు సాఫ్ట్‌వేర్ అంటే ఎర్ర సిరా పెన్ను.

కడప_కారం
పెద్దాయన సెప్పింది సూడండి. పీజీవాటికి పీ తగిలిస్తే డిగ్రీవి ముట్టుకునే పనే లేదు గదా! పీజీవి ఎన్నుండాయి మేడమ్?

పుస్తకాల_పద్మ
2,340.

అయ్యో, నేను పదమూడు వేలూ మార్చాలనుకుని నెల రోజులుగా నిద్ర మానేశాను.

ఓరుగల్లు_వైరు
కారం అన్నకు ఒక ఇరానీ చాయ్ బాకీ.

పుస్తకాల_పద్మ
ట్యాగ్‌ఇన్ఫో పెట్టాను. చిప్పు పేరు ఐకోడ్ స్లిక్స్ అని చూపిస్తోంది, 28 బ్లాకులు, ఒక్కోటి 4 బైట్లు. పీజీ 1452:

0: 11 01 01 31
1: 34 35 32 00
2, 3: అన్నీ సున్నాలు
4: 00 00 00, తర్వాత ఏదో అంకె
5: ఇంకో అంకె, 49 4ఈ, తర్వాత ఏదో
6 నుంచి 8 దాకా మా కాలేజీ కోడు అనుకుంటా

మిగతా మూడూ ఇలాగే ఉన్నాయి. ఇంకో సంగతి ఒప్పుకోవాలి. సూరి గారు వద్దన్న పోస్టు చూడకముందే, గోదారోడు గారు చెప్పినట్టు ఒక పుస్తకం మీద రాసేశాను. లైబ్రరీ నుంచి తీసేయాల్సిన పాత గైడు లెండి. ఫోన్లో నేను రాసింది చక్కగా కనిపిస్తోంది. సెల్ఫ్ చెకౌట్ మిషను మాత్రం "ఇది మా పుస్తకం కాదు" అంటోంది. మొదటి బ్లాకు ఇప్పుడు ఈ1 40 0ఈ అయింది.

సోల్డర్_సూరి
అదే నా భయం. గోదారోడు గారూ, వినండి, ఇది అందరూ చేసే పొరపాటే.

ఎన్ఎఫ్‌సీ టూల్స్‌లో రైట్ నొక్కితే రాసేది ఎన్‌డీఈఎఫ్ పద్ధతిలో. విజిటింగ్ కార్డుకీ, వైఫై స్టిక్కరుకీ అది సరిపోతుంది. 15693 ట్యాగు మీద అది ముందు 0వ బ్లాకులో ఈ1 అని తన బోర్డు పెట్టుకుంటుంది, ఆ తర్వాత మీ అక్షరాలు. అంటే 0 నుంచి 4 దాకా ఉన్నదంతా తుడిచిపెట్టేసింది. ఇంటి నంబరు పలక పీకేసి పెళ్లి బ్యానరు కట్టినట్టు.

పద్మ గారి ట్యాగుల్లో ఉన్నది లైబ్రరీల పద్ధతి, ఐఎస్ఓ 28560లో మూడో భాగం. మొదటి 11 అంటే ఒకటో వెర్షను, అప్పుగా ఇచ్చే పుస్తకం. 01 01 అంటే ఒకే భాగంలో ఒకటో భాగం (సీడీ జతగా ఉంటే ఇవి మారతాయి). తర్వాత 16 బైట్లు ఐటెం నంబరుకి: 31 34 35 32 అంటే 1452. ఆ తర్వాత రెండు బైట్లు సీఆర్సీ. 49 4ఈ అంటే ఐఎన్, మన దేశం. ఆ వెనక 11 బైట్లు లైబ్రరీ కోడు.

చిక్కల్లా సీఆర్సీతోనే. అది లోపలి డేటాకి వేసిన లెక్క. నంబరు మార్చి ఈ లెక్క మార్చకపోతే మిషను ట్యాగుని నమ్మదు. ఇంకో తమాషా, ఆ రెండు బైట్లలో ఒకటి 4వ బ్లాకు చివర, ఇంకోటి 5వ బ్లాకు మొదట పడ్డాయి. అంటే ఒక్క పీ అక్షరం చేర్చాలంటే 0, 1, 4, 5 నాలుగు బ్లాకులూ తిరగరాయాలి.

గోదారోడు
ఒక్క అక్షరానికి నాలుగు బ్లాకులా! నేను రెండు నిమిషాలన్నాను, వెనక్కి తీసుకుంటున్నా. ఆ గైడు ఖరీదు పంపమంటారా మేడమ్?

పుస్తకాల_పద్మ
2011 నాటి గైడండీ, చెదలు కూడా ముట్టలేదు దాన్ని.

మధురవాడ_మణి
ఇష్యూ కౌంటరులో పుస్తకం పెట్టే పలక లాంటి రీడరు ఉందిగా? దాన్ని తిరగేసి వెనక స్టిక్కరు మీద పేరు చూడండి మేడమ్.

పుస్తకాల_పద్మ
ఫైగ్ అని ఉంది. యూఎస్‌బీ.

మధురవాడ_మణి
ఇంకేం, ఇంట్లోనే పెట్టుకుని ఊరంతా వెతికారు. లైసెన్సు అయిపోయింది ట్యాగింగ్ సాఫ్ట్‌వేర్‌దే, రీడరుకి లైసెన్సేమీ ఉండదు. ఫైగ్ వాళ్ల ఐఎస్ఓస్టార్ట్ అని ఒకటుంది. దాంతో బ్లాకులు చదవొచ్చు, రాయొచ్చు, ఏఎఫ్ఐ (పుస్తకం ఇష్యూ అయిందో లేదో గేటుకి చెప్పే బైటు) మార్చొచ్చు. పది పుస్తకాలకైతే అది చాలు. 2,340కి చేత్తో ఈ హెక్స్ అంకెలు కొడితే పిచ్చెక్కుతుంది. వాళ్ల ఎస్‌డీకే (ప్రోగ్రాములు రాసుకోవడానికి ఇచ్చే సామగ్రి) పెట్టుకుని సీ షార్ప్‌లో చిన్న ప్రోగ్రాం రాస్తా. శనివారం దాకా ఆగండి.

సింగపూర్_చీర
మణీ, రాసేముందు ఒక్కటి గుర్తుపెట్టుకో. పలక మీద ఎన్ని ట్యాగులున్నాయో ముందు లెక్కపెట్టించు, ఒకటి కన్నా ఎక్కువుంటే రాయనివ్వకు. అడ్రస్ లేకుండా రైట్ కమాండ్ పంపితే దగ్గరున్న ట్యాగులన్నీ "నాకే" అనుకుని రాసేసుకుంటాయి. మా దగ్గర ఒకమ్మాయి పక్కనే గుట్ట పెట్టుకుని పని చేసింది. సాయంత్రానికి ఆరు పుస్తకాలకి ఒకే నంబరు. ఏది ఏదో తేల్చడానికి పుస్తకాలు తెరిచి ముద్రలు చదువుకున్నాం.

మధురవాడ_మణి
యూఐడీతో అడ్రస్ చేసే పంపుతా అక్కా. గుట్ట దూరంగా పెట్టమని కూడా చెబుదాం.

తాళంచెవి
మా ఆవిడ కార్డు ఫోన్‌కి ఆనించినా ఏమీ రావట్లేదు. ఎవరైనా?

సోల్డర్_సూరి
తాళంచెవి గారూ, ఫోన్‌కి తగలట్లేదంటే 125 కిలోహెర్ట్జ్ కార్డయి ఉంటుంది. ఫోన్లకి అది వినపడదు. గేటు కార్డుకి నకలు మాత్రం ఇక్కడ అడగొద్దు. పోయిన కార్డు ఎవరికైనా దొరికితే అది పనిచేయకుండా ఆపాల్సింది అసోసియేషనే. ముందు వాళ్లకి చెప్పండి.

ఓరుగల్లు_వైరు
నాకొక అనుమానం. ఫోన్‌తోని గిట్ల రాయొచ్చంటే, పిలగాండ్లు ఏఎఫ్ఐ మార్చుకోని గేటు దాటిపోరా? లోపల ఉన్నప్పుడు 07, ఇష్యూ అయినంక సి2, గంతే కద తేడా.

సోల్డర్_సూరి
పాస్‌వర్డ్ పెట్టకపోతే మార్చొచ్చు, నిజమే. స్లిక్స్‌లో ఏఎఫ్ఐకి పాస్‌వర్డ్ సదుపాయం ఉంది, మన దగ్గర ఎవరూ పెట్టరు. అయినా అంత తెలివి ఉన్న కుర్రాడు పుస్తకం దొంగిలిస్తే, కనీసం చదువుతాడులే అనుకోవాలి.

రిటైర్డ్_రంగయ్య
చదవడం కాదు నాయనా, పేజీలు చింపుకుపోతారు. దానికి ఏ చిప్పూ అరవదు.

మధురవాడ_మణి
ప్రోగ్రాం తయారైంది, ఒక చోట తన్నింది. సీఆర్సీ కలవలేదు. ఐటెం నంబరు దాకా ఉన్న 19 బైట్లకే లెక్క వేశాను. మేడమ్ పంపిన ఏ డంపుకీ (ట్యాగు మెమరీ నకలుకీ) సరిపోలేదు. రాత్రి ఒంటిగంట దాకా పోలినామియల్ (లెక్కకి వాడే సూత్రం) తప్పేమోనని తల పట్టుకున్నా. చివరికి చూస్తే, సీఆర్సీ బైట్లు రెండూ దాటేసి ఆ తర్వాతి 13 కూడా కలపాలి. మొత్తం 32. కలిపాక నాలుగు డంపులూ అచ్చుగుద్దినట్టు సరిపోయాయి.

పని చేసే తీరు ఇదీ: పలక మీద ఒకే ట్యాగు ఉందా చూస్తుంది, పాతదంతా చదివి ఫైల్లో దాస్తుంది, పాత సీఆర్సీ సరిగా లేకపోతే ఆగిపోతుంది, ఉంటే పీ చేర్చి నాలుగు బ్లాకులు రాస్తుంది, మళ్లీ చదివి సరిచూస్తుంది. ఇప్పటికే పీ ఉంటే ముట్టుకోదు. పాత నంబరు, కొత్త నంబరు, యూఐడీ ఎక్సెల్లో తెరుచుకునే ఫైలుగా వస్తాయి. దాంతోనే కోహాలో పీజీ బార్‌కోడ్‌లు మార్చుకుని, ఆ తర్వాత ఇంపోర్ట్ చేయండి.

లాక్ కమాండు మాత్రం పెట్టలేదు. ఒకసారి లాక్ చేసిన బ్లాకుని మళ్లీ తెరవడం ఎవరి తరమూ కాదు.

పుస్తకాల_పద్మ
ముందు చెడిపోయిన గైడుతో మొదలుపెట్టాను. రాయడానికి ముందు ఫోన్లో తీసిన మెమరీ స్క్రీన్‌షాటు ఉంది కాబట్టి, ఐఎస్ఓస్టార్ట్‌లో ఐదు బ్లాకులూ చేత్తో కొట్టాను. మిషను గుర్తుపట్టింది! స్టాఫ్‌రూం దాకా వినపడేలా అరిచానట.

కడప_కారం
ఆ గైడు ఇంగ పారేయగాకండి మేడమ్, చరిత్ర అది.

పుస్తకాల_పద్మ
మూడు రోజుల లెక్క చెబుతున్నా. ఇద్దరు ఫైనలియర్ పిల్లలు పుస్తకాలు అందిస్తుంటే నేను పలక మీద పెడుతున్నా. 1,870 అయ్యాయి. ఒక్కోటి నాలుగైదు సెకన్లే, పుస్తకం బీరువాలోంచి తీసి మళ్లీ పెట్టడానికే సమయం. 41 పుస్తకాలు మాత్రం మొండికేశాయి. చదువుతుంది, రాయనివ్వదు.

సోల్డర్_సూరి
ట్యాగ్‌ఇన్ఫోలో చూడండి, ఆ బ్లాకుల పక్కన లాక్ గుర్తుంటుంది.

పుస్తకాల_పద్మ
ఉంది. అన్నీ ఒకే ఏడాది కొన్నవి. ఆ విడత ట్యాగింగ్‌కి వచ్చినవాళ్లు లాక్ చేసి పోయినట్టున్నారు.

సోల్డర్_సూరి
అయితే వాటికి కొత్త స్టిక్కర్లే. పాతది పూర్తిగా పీకి అప్పుడు కొత్తది అంటించండి. పాతదాని మీదే అంటిస్తే ఒకే పుస్తకం రెండు నంబర్లు పలుకుతుంది, రెండోది డిగ్రీ పుస్తకం నంబరు. ఎవరో ఆర్థికశాస్త్రం తీసుకెళ్తే వాళ్ల ఖాతాలో వృక్షశాస్త్రం కూడా పడుతుంది.

రిటైర్డ్_రంగయ్య
పీకేటప్పుడు హెయిర్ డ్రయ్యరు కాస్త వెచ్చగా పట్టండి అమ్మా, అట్ట చిరగదు. పాత స్పైన్ లేబుళ్లు నేను అలాగే తీసేవాణ్ని. రిజిస్టరులో సంతకం అయిందా?

పుస్తకాల_పద్మ
అయింది సార్. ఎర్ర సిరాతోనే రాయించాను. ప్రిన్సిపాల్ గారు సంతకం పెడుతూ "చూశావా, నేను చెప్పలేదూ, సులువని" అన్నారు.

ఓరుగల్లు_వైరు
😂😂 అనకపోతె ప్రిన్సిపాల్ ఎట్లయితడు.

పుస్తకాల_పద్మ
మణి గారూ, ప్రోగ్రాం వేరే కాలేజీవాళ్లు అడిగితే ఇవ్వొచ్చా? అప్పుడే ఇద్దరు ఫోన్ చేశారు.

మధురవాడ_మణి
ఇవ్వండి, కానీ వాళ్ల డంపు ముందు నాకు చూపించమనండి. ఒక్కో ట్యాగింగ్ కంపెనీ ఒక్కోలా రాస్తుంది. మీది స్టాండర్డ్ ప్రకారం ఉండటం మీ అదృష్టం. కొందరు బ్లాకులో బైట్లు తిరగేసి రాస్తారు, కొందరు ఒట్టి నంబరే రాసి వదిలేస్తారు. నా ప్రోగ్రాం అక్కడ సీఆర్సీ కలవలేదని ఆగిపోతుంది, ఆగాలి కూడా.

పుస్తకాల_పద్మ
సరేనండి. ఇక మిగిలింది ఆ ఏసీఆర్122యూ. డబ్బా కూడా ఉంది, ఎవరికైనా కావాలా? సగం ధరకిస్తాను.

గోదారోడు
పూర్తి ధరకే నేను తీసుకుంటానండీ, నా పాపం ఇలాగైనా పోతుంది. మా మామిడి తోటలో చెట్టుకో ఎన్‌ట్యాగ్ (ఫోన్‌తో రాసే ఎన్ఎఫ్‌సీ) స్టిక్కరు పెట్టి, ఏ రకం, ఎప్పుడు నాటాం రాద్దామని ఎప్పట్నుంచో అనుకుంటున్నా. దానికి ఎన్‌డీఈఎఫ్ చాలు కదా సూరి గారూ?

సోల్డర్_సూరి
చాలు. ఎన్‌ట్యాగ్213లో 144 బైట్లుంటాయి. తెలుగులో రాస్తే అక్షరానికి మూడేసి బైట్లు, గుణింతం గుర్తుకి ఇంకో మూడు. బంగినపల్లి అని రాసేలోపే ముప్పై బైట్లు అయిపోతాయి, చూసుకోండి.

తాళంచెవి
500 కట్టేశాను. కొత్త కార్డు తెచ్చుకున్న సాయంత్రమే పాతది స్కూటర్ డిక్కీలో దొరికింది.